నవలకు జీవితమే సాక్ష్యమా? ఒక పీహెచ్‌డీ గైడెన్స్ కేస్ స్టడీ

ఇంగ్లిష్ శాఖల్లో గైడ్లుగా ఉన్నవాళ్ళకీ, థీసిస్ మధ్యలో ఇరుక్కుపోయిన స్కాలర్లకీ పనికొస్తుందని ఈ కేసు రాస్తున్నాను. స్కాలర్ ఎవరో పోల్చుకునే వివరాలన్నీ తీసేశాను. ఆమె చదివి సరేనన్నాకే బయట పెడుతున్నాను. విషయం విక్టోరియన్ కాలపు ఇంగ్లండ్ నవలా రచయిత్రులు. రచయిత జీవితాన్నీ రచననూ పక్కపక్కన పెట్టే ఏ పరిశోధనలోనైనా ఈ చిక్కు ఎదురవుతుంది. మన దగ్గర ‘జీవితం – సాహిత్యం’ అనే పేరుతో ఏటా ఎన్ని సినాప్సిస్‌లు వస్తాయో గైడ్లకు చెప్పక్కర్లేదు.

నేపథ్యం

ముందున్న గైడ్ రిటైర్ అయ్యాక నాకు బదిలీ అయిన కేసు ఇది. స్కాలర్ ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తూ పార్ట్‌టైమ్‌గా రిజిస్టర్ అయ్యారు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. షార్లెట్ బ్రాంటీ నవల ‘జేన్ ఐర్’ ఎం.ఏ. సిలబస్‌లో తగిలింది. ముందు బజారు గైడులో సారాంశం చదివి, తర్వాత అసలు నవల మొదలుపెట్టి వదల్లేకపోయారు. ఆ ఇష్టంతోనే టాపిక్ ఎంచుకున్నారు: విక్టోరియన్ నవలా రచయిత్రుల జీవితాలు, రచనలు. ముగ్గురు బ్రాంటీ అక్కచెల్లెళ్ళు (షార్లెట్, ఎమిలీ, ఆన్), ఎలిజబెత్ గాస్కెల్, జార్జ్ ఇలియట్ (మగపేరు, కానీ రచయిత్రి కలం పేరు), మార్గరెట్ ఒలిఫెంట్. ఆరుగురికి ఆరు చాప్టర్లు. ప్రతి చాప్టర్లో సగం జీవితం, మిగతా సగం నవలలు. నా దగ్గరికి వచ్చేసరికి నాలుగు చాప్టర్లు రాసేసి ఉన్నారు.

సమస్య ఎలా బయటపడింది

సిమిలారిటీ రిపోర్టులో, అంటే థీసిస్ ఇతరుల రాతలతో ఎంత శాతం కలుస్తోందో చూపే రిపోర్టులో, బయటపడింది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పది శాతం దాకా పేచీ లేదు. ఆమె చాప్టర్లు ఆ గీత దాటేశాయి. బాగా టెన్షన్ పడుతూ వచ్చారు. “కాపీ కొట్టలేదు మేడం. బ్రాంటీల తల్లి 1821లో పోయింది, అక్కలిద్దరూ 1825లో పోయారు, పిల్లలు హవర్త్‌లో పెరిగారు. దీన్ని ఎన్ని రకాలుగా తిప్పి రాస్తాం?”

ఆ మాట నిజమే. అలాంటప్పుడు చాలామంది చేసేది వాక్యాలు అటూ ఇటూ తిప్పి శాతం తగ్గించడం. నేను దానికి ఒప్పుకోలేదు. రిపోర్టులో రంగు పడ్డ చోట్లు చూస్తే, దాదాపు అన్నీ ‘జీవితం’ సగాల్లోనే ఉన్నాయి. ఆమె సొంత మాట అక్కడ ఒక్కటీ లేదు గనక ఎవరి వాక్యమైనా ఒకేలా ఉంటుంది. వాక్యాలు తిప్పితే శాతం దిగుతుంది, చాప్టర్ మాత్రం అలాగే ఉంటుంది. అందుకే రిపోర్టు పక్కన పెట్టి, రెండో సగాల్లో వాదన ఎలా నడుస్తోందో చూశాను.

ఎమిలీ మీద రాసిన ఒక పేజీ ఇక్కడ చెప్పాలి. ‘వుదరింగ్ హైట్స్’లోని కాఠిన్యం ఎమిలీ స్వభావంలోంచి వచ్చిందని ఒక వాక్యం. ఆ స్వభావం అలాంటిదని ఎలా తెలుసు? నాలుగు పేజీలు వెనక్కి వెళ్తే, జీవితం సగంలో జవాబుంది: ఎమిలీ మొండి, ఏకాంతప్రియ, మనుషుల్ని దగ్గరికి రానివ్వదు, అందుకు ‘వుదరింగ్ హైట్స్’ సాక్ష్యం. నవలతో జీవితాన్ని రుజువు చేసి, ఆ జీవితంతో నవలను వివరించారు. వేలు పెట్టి రెండు పేజీలూ పక్కపక్కన చూపిస్తే ఆమె కాసేపు మాట్లాడలేదు.

షార్లెట్ చాప్టర్లో తప్పు ఇంత తేటగా కనపడదు. ‘జేన్ ఐర్’లోని లోవుడ్ బడి అంటే షార్లెట్ చదివిన కోవన్ బ్రిడ్జ్ బడి. జేన్ స్నేహితురాలు హెలెన్ బర్న్స్ అంటే చనిపోయిన అక్క మరియా. హీరో రోచెస్టర్ అంటే బ్రసెల్స్‌లో షార్లెట్‌కు పాఠం చెప్పిన కాన్‌స్టంటిన్ హెగర్. మొదటి రెండింటికీ ఆధారం గట్టిదే. హెలెన్ కల్పన కాదని షార్లెటే తన ప్రచురణ సంస్థలోని విలియమ్స్‌కు ఉత్తరంలో రాసింది. ఇబ్బంది ఏమిటంటే, ఫలానా పాత్ర ఫలానా మనిషి అని తేల్చగానే పేరా అయిపోతోంది. నవల గురించి ఆ తర్వాత చెప్పడానికి ఏమీ మిగలడం లేదు.

మొదటి ప్రయత్నం: జీవితాన్ని పూర్తిగా తీసేయడం

కమిటీ సలహా కూడా ఇదే. ‘జీవితం’ సగాలన్నీ కొట్టేసి, నవల పాఠాన్ని (టెక్స్ట్‌ను) మాత్రమే దగ్గరగా చదవమన్నాను. చేతికర్ర తీసేస్తే కాళ్ళకు పని పడుతుందని నా లెక్క. కొంతవరకు ఫలించింది కూడా. జార్జ్ ఇలియట్ నవల ‘మిడిల్‌మార్చ్’ మీద ఆమె రాసిన పేజీలు మొదటిసారి ఆమె గొంతులో వినిపించాయి.

అయితే రెండు చోట్ల బండి ఆగిపోయింది. షార్లెట్ 1849 నాటి నవల ‘షర్లీ’ చూడండి. మిల్లు కార్మికుల గొడవతో, వ్యంగ్యంతో మొదలైన నవల మూడో సంపుటంలో ఒక్కసారిగా మరణశయ్య దగ్గరికి వెళ్తుంది. ఆ సంపుటంలో మొదటి అధ్యాయం పేరే మృత్యుచ్ఛాయల లోయ. ఆ నవల రాస్తుండగానే 1848 సెప్టెంబరులో తమ్ముడు బ్రాన్‌వెల్, డిసెంబరులో ఎమిలీ, 1849 మేలో ఆన్ పోయారు. ఈ సంగతి ఎత్తకూడదని నియమం పెట్టుకుంటే, ఆ మలుపును ‘నిర్మాణ లోపం’ అని రాయాల్సి వస్తుంది. ఆమె అలాగే రాశారు కూడా. తెలిసిన సంగతిని తెలియనట్టు నటిస్తూ చేసే విమర్శ అది.

రెండోది గాస్కెల్ మొదటి నవల ‘మేరీ బార్టన్’, 1848. ఇక్కడే ప్రస్తావించనక్కర్లేని కొన్ని పరిస్థితుల వల్ల కథ రాసే పనిలో పడాలనిపించిందని ముందుమాటలో రచయిత్రే అంటుంది. 1845లో ఆమె పసికొడుకు విల్లీ స్కార్లెట్ జ్వరంతో పోయాడు. పుస్తకమే తన బయటికి వేలు చూపిస్తున్నప్పుడు చూడొద్దనే నియమం నిలవదు.

ఇవి పాఠానికి సంబంధించిన ఇబ్బందులు. మనిషికి సంబంధించింది ఇంకోటి: ఆమెకు పని మీద ఇష్టం పోయింది. ఫోన్లు తగ్గాయి, “ఇన్విజిలేషన్ డ్యూటీ పడింది మేడం” అన్న మెసేజ్‌లు పెరిగాయి. పార్ట్‌టైమ్ స్కాలర్లు మానేసే ముందు కనిపించే లక్షణం ఇదే. అందుకని ఆ దారి ఆపేశాం.

రెండో ప్రయత్నం: ఒక సిద్ధాంతం అరువు

1979లో గిల్బర్ట్, గ్యూబర్ అనే ఇద్దరు స్త్రీవాద విమర్శకులు చేసిన ప్రసిద్ధ వాదన ఉంది. ‘జేన్ ఐర్’లో రోచెస్టర్ అటక మీద బంధించిన మతి చలించిన భార్య బెర్తా మేసన్ జేన్‌కే కాదు, రాసిన స్త్రీలో అణగారిన కోపానికీ ప్రతిరూపమని. దీన్ని ఎంచుకోవడానికి కారణం, రచయిత్రికీ రచనకూ మధ్య సంబంధం చెప్పాలంటే పుట్టిన ఊరు, పోయిన తేదీ అక్కర్లేదని అది చూపిస్తుంది. ఆమెకు కావలసిన వెన్నెముక దొరుకుతుందనుకున్నాం.

‘జేన్ ఐర్’ దగ్గర బాగానే నడిచింది. ఆ వాదన పుట్టిందే అక్కడ కదా. ఒలిఫెంట్ దగ్గర మాత్రం నవ్వొచ్చే పరిస్థితి వచ్చింది. 1866లో వచ్చిన ‘మిస్ మార్జోరీబ్యాంక్స్’లో లుసిల్లా అనే అమ్మాయి తండ్రి ఇంటికి తిరిగొచ్చి, గురువారం సాయంత్రాల విందులతో ఊరు ఊరంతటినీ తన మాట వినేలా చేసుకుంటుంది. చలాకీ హాస్య నవల. అందులోని ఆకుపచ్చ తెరల్లో కూడా స్కాలర్ అణచిపెట్టిన ఉన్మాదం చూడడం మొదలుపెట్టారు. “ఇందులో ఏం కనిపిస్తే నీ వాదన తప్పని ఒప్పుకుంటావమ్మా?” అని అడిగాను. కోపం కనిపిస్తే కోపం, కనిపించకపోతే దాచిన కోపం. ఏది కనిపించినా వాదన నెగ్గుతోంది. సిద్ధాంతాన్ని తప్పు పట్టను. అది కొన్ని పుస్తకాల కోసం తయారైంది, ఆరుగురికీ ఒకే కొలతతో కుట్టిన బట్ట సరిపోదు.

అసలు దారి ఎక్కడ దొరికింది

గాస్కెల్ ఉత్తరాల్లో. వాటిని ఆమె వేరే పని మీద తిరగేస్తున్నారు. గాస్కెల్ నవల ‘నార్త్ అండ్ సౌత్’లో చావులు వరుసగా వస్తాయి. హీరోయిన్ తల్లి, స్నేహితురాలు బెస్సీ, కార్మికుడు బౌచర్, తండ్రి, తండ్రి మిత్రుడు బెల్. చిన్నప్పుడే తల్లిని, ఆ తర్వాత అన్నను, చివరికి కొడుకును పోగొట్టుకున్న రచయిత్రి దుఃఖం ఇలా పొంగిందని పాత డ్రాఫ్టులో ఉంది. దానికి ఉత్తరాల్లో ఇంకో రెండు రుజువులు దొరికితే బాగుండునని వెతుకుతుంటే, 1854 డిసెంబరులో డికెన్స్‌కు గాస్కెల్ రాసిన ఉత్తరం తగిలింది. ఈ నవలకు ‘చావు, దాని రకాలు’ లాంటి పేరు పెట్టి ఉంటే బాగుండేదనీ, మొత్తం అయిదు చావులనీ, ఒక్కొక్కటి ఆ మనిషి స్వభావానికి చక్కగా సరిపోయిందనీ గాస్కెల్ అందులో హాస్యమాడుతుంది.

“దుఃఖంతో రాసినావిడ ఇలా అంటుందా మేడం?” అని స్కాలర్ అడిగారు. అనొచ్చు, అనకపోవచ్చు. కానీ ఆ ఉత్తరం రాసిన సందర్భం వేరు. నవల డికెన్స్ నడిపే ‘హౌస్‌హోల్డ్ వర్డ్స్’ వారపత్రికలో 1854 సెప్టెంబరు నుంచి 1855 జనవరి దాకా సీరియల్‌గా వచ్చింది. నిడివి మీద ఇద్దరికీ పేచీ. ‘మార్గరెట్ హేల్’ అన్న పేరు పోయి ‘నార్త్ అండ్ సౌత్’ వచ్చింది కూడా డికెన్స్ వల్లే. జాగా చాలక చివర్లో కథను పరుగు పెట్టించాల్సి వచ్చింది. 1855లో పుస్తకంగా వేసేటప్పుడు ఆ సంగతి చెప్పి, చివరి భాగాన్ని గాస్కెల్ పెంచి రాసింది. చావులు దగ్గరదగ్గరగా పడడానికి రచయిత్రి గుండె ఒక్కటే కారణమా, పత్రిక పేజీలూ కారణమా? పత్రిక పాఠం, పుస్తక పాఠం పక్కన పెట్టి చూస్తే జవాబు వెతకొచ్చు. పరీక్షకు నిలబడే ప్రశ్న ఆమె థీసిస్‌లో అదే మొదటిది.

ఒకే రచయిత్రి, ఒకే పుత్రశోకం. ‘మేరీ బార్టన్’లో దాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చు, ‘నార్త్ అండ్ సౌత్’లో తీసుకోవడానికి ఆధారం చాలదు. ఈ తేడా ఎందుకో రాసుకోమన్నాను. ఆ కాగితం మీంచే నాలుగు గడుల పట్టిక పుట్టింది. జీవితంలోని ఏ సంగతి వాడాలన్నా ముందు నింపాలి: ఎవరు చెప్పారు, ఎప్పుడు, ఎవరి కోసం, పుస్తకం తయారీలో ఏ నిర్ణయాన్ని ఇది తాకుతుంది. నిర్ణయమంటే పేరు, నిడివి, సంపుటం ఎక్కడ తెగింది, ముగింపు, మార్పులు, ఇలాంటివి. నాలుగో గడి ఖాళీగా ఉంటే ఆ సంగతి ఎంత ఆసక్తిగా ఉన్నా థీసిస్‌లోకి రాదు.

పట్టిక పెట్టాక ఏం జరిగింది

షార్లెట్ పేజీలు నింపుతుంటే, ‘ఎవరు చెప్పారు’ గడిలో ఒకే పేరు మళ్ళీ మళ్ళీ వచ్చింది: గాస్కెల్. 1857లో రెండు సంపుటాలుగా వచ్చిన షార్లెట్ జీవిత చరిత్ర ఆమెదే. అంటే మొదటి చాప్టర్లోని ‘వాస్తవాలు’ నాలుగో చాప్టర్లోని రచయిత్రి రాసిన పుస్తకం. అన్నాళ్ళూ రెండు చాప్టర్లూ ఆమె బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి.

అక్కణ్ణుంచి ఆ జీవిత చరిత్రనే ఒక విక్టోరియన్ రచనగా చదివాం. అడిగి రాయించుకున్నది షార్లెట్ తండ్రి ప్యాట్రిక్. వేసింది ‘జేన్ ఐర్’ వేసిన స్మిత్ ఎల్డర్ కంపెనీయే. షార్లెట్ నవలలు మొరటువన్న నింద అప్పటికే ఉంది. 1848 డిసెంబరు ‘క్వార్టర్లీ రివ్యూ’లో ఎలిజబెత్ రిగ్బీ, ‘జేన్ ఐర్’ రాసింది స్త్రీయే అయితే తోటి ఆడవాళ్ళ సాంగత్యం ఎప్పుడో పోగొట్టుకున్నదై ఉంటుందని రాసింది. కాబట్టి గాస్కెల్‌కు కావలసింది కష్టాలు పడ్డ, కర్తవ్యం తప్పని కూతురు. 1856లో గాస్కెల్ బ్రసెల్స్ వెళ్ళి హెగర్‌ను కలిసింది, పెళ్ళైన అతనికి షార్లెట్ ఆరాధనతో రాసిన ఉత్తరాల సంగతి తెలుసుకుంది, పుస్తకంలో మాత్రం ఇబ్బంది లేని ముక్కలే వాడింది. ఆ ఉత్తరాలు, కొన్ని చింపి తిరిగి అతికించినవి, 1913లో ‘ది టైమ్స్’లో అచ్చయ్యాకే లోకానికి తెలిశాయి. షార్లెట్ మనోవ్యథకు కారణంగా హెగర్ బదులు బ్రాన్‌వెల్ పతనం ముందుకొచ్చింది, ఆ పతనానికి నింద అతను పనిచేసిన ఇంటి యజమానురాలి మీద పడింది. దాంతో ఆమె తరఫు లాయర్లు రంగంలోకి దిగారు. క్షమాపణ ప్రకటన వచ్చింది, పుస్తకం అమ్మకం ఆగింది, అదే ఏడాది సవరించిన మూడో ముద్రణ వచ్చింది.

ఇదంతా తెలిశాక “రోచెస్టర్ అంటే హెగర్” అన్న వాక్యం రాయడానికి ఆమె చెయ్యి ఆడలేదు. దాని బదులు, జేన్ ఐర్ ఆ రూపంలో ఎందుకుందో రాశారు. షార్లెట్ మొదటి నవల ‘ది ప్రొఫెసర్’ చాలామంది ప్రచురణకర్తల దగ్గర్నుంచి తిరిగొచ్చింది. స్మిత్ ఎల్డర్ వాళ్ళు కూడా వద్దన్నారు. కానీ మూడు సంపుటాల నవలైతే శ్రద్ధగా చూస్తామన్నారు. 1847 ఆగస్టులో ‘జేన్ ఐర్’ పంపింది, అక్టోబరులో అచ్చయింది. అప్పట్లో మూడు సంపుటాల నవల ధర 31 షిల్లింగుల 6 పెన్నీలు. మామూలు పాఠకులు కొనలేరు. మ్యూడీ లాంటి అద్దె గ్రంథాలయాల్లో ఏడాదికి ఒక గినీ (21 షిల్లింగులు) చందా కట్టి, ఒక్కో సంపుటం తెచ్చుకునేవారు. మొదటి సంపుటం ఎక్కడ ఆగుతుంది? రోచెస్టర్ పడకకు నిప్పంటుకున్న రాత్రి దగ్గర, 15వ అధ్యాయంలో. రెండోది? పెళ్ళి ఆగిపోయిన రోజు, 26 దగ్గర. మన చేతికొచ్చే చవక ఎడిషన్లలో అధ్యాయాలు వరుసగా ఉంటాయి, ఈ విరుపులు కనబడవు. స్కాలర్ తన కాపీలో ఆ రెండు చోట్లా ఎర్ర సిరాతో గీతలు గీసుకుని మళ్ళీ చదివారు. ఆ గీతల మీదే ఒక చాప్టర్ నిలబడింది.

ఇంకో ఉదాహరణ చెప్తాను, పట్టిక ఆమెను తొందరపాటు నుంచి కాపాడింది గనక. 1850లో ‘లిజీ లీ’ కథకు 20 పౌండ్లు వస్తే, భర్త విలియం ఆ డబ్బు నింపాదిగా జేబులో వేసుకున్నాడని గాస్కెల్ స్నేహితురాలికి రాసింది. వివాహిత సంపాదన ఆమెకే చెందుతుందనే చట్టాలు 1870లో, 1882లో వచ్చాయి. అంతకు ముందు అది చట్టరీత్యా భర్తదే. స్కాలర్ దీన్ని భర్త దోపిడీ అని రాసేశారు. మూడో గడి నింపమన్నాను: ఎవరి కోసం రాసింది? స్నేహితురాలి కోసం, నవ్వుతూ. మరి అదే గాస్కెల్ 1865లో తన నవలల డబ్బుతో, భర్తకు చెప్పకుండా హాంప్‌షైర్‌లోని హోలీబోర్న్‌లో ఇల్లు కొన్నది. రెండు సంగతులూ పక్కన పెడితే దోపిడీ కథ ఆగదు, అన్యోన్య దాంపత్యం కథా ఆగదు. చట్టం ఒకటి చెప్తుంటే ఇంట్లో ఇంకోటి ఎలా నడిచిందో రాయాల్సి వచ్చింది. అది కష్టం, కానీ చదవబుద్ధేస్తుంది.

తగ్గించడం, మార్చడం

ఎమిలీ, ఆన్ తప్పుకున్నారు. ఆన్‌ను వదలడం స్కాలర్‌కు బాధ కలిగించింది. అయినా ఆరుగురిని ఈ పద్ధతిలో చదివితే గడువు చాలదు. మిగిలిన నలుగురినీ కలిపే తీగ మాత్రం అప్పటికే దొరికింది. 1857లో గాస్కెల్ షార్లెట్ గురించి రాసింది. 1885లో జాన్ క్రాస్ తన భార్య జార్జ్ ఇలియట్ గురించి మూడు సంపుటాలు వేశాడు. క్రాస్‌ను చేసుకోకముందు, పెళ్ళి కాకుండా లూయిస్ అనే రచయితతో కలిసి బతికిన ఆ ధైర్యశాలి అందులో గంభీరమైన పెద్దావిడ అయిపోయింది. అది చదివిన ఒలిఫెంట్, తననూ అలా అద్దాల గదిలో మొక్కలా కాపాడి ఉంటే ఇంకా బాగా రాసేదాన్నా అని అసూయతో, వ్యంగ్యంతో ఆలోచిస్తూ ఆగిపోయిన తన ఆత్మకథను మళ్ళీ పట్టుకుంది. 1859లో భర్త రోమ్‌లో పోయేసరికి ఆమెకు మిగిలింది అప్పులు, పిల్లలు. తర్వాత అన్నదమ్ముల సంసారాలూ మీద పడ్డాయి. వంద దాకా నవలలు రాసింది. పిల్లలందరూ ఆమె కళ్ళ ముందే పోయారు. ఏళ్ళ తరబడి ముక్కలుగా రాసిన ఆ ఆత్మకథను బంధువులు 1899లో వరుస మార్చి, దుఃఖం కత్తిరించి అచ్చు వేశారు. పూర్తి పాఠం 1990లో గానీ రాలేదు.

దాంతో థీసిస్ ప్రశ్న మారింది. విక్టోరియన్ రచయిత్రుల జీవితాలు వాళ్ళ నవలల్ని ఎలా వివరిస్తాయన్నది పోయి, ఆ జీవితాలను ఎవరు ఎలా రాశారు, ఆ రాతలు నవలల్ని మనం చదివే తీరును ఎలా మార్చాయన్నది వచ్చింది. టైటిల్లో చిన్న మార్పుకు కమిటీ ఒప్పుకుంది. సిమిలారిటీ శాతం గురించి ఆ తర్వాత ఎవరూ మాట్లాడాల్సిన అవసరం రాలేదు. డిగ్రీ వచ్చింది.

గైడ్లకు కొన్ని మాటలు

పట్టిక ప్రతివాళ్ళకీ ఇవ్వకండి. ఈమెకు పనిచేయడానికి కారణం, అప్పటికే ఆమెకు నవలలు కంఠతా వచ్చు. నవల చదవకుండా పట్టిక నింపే స్కాలర్ చేతిలో అది ఇంకో బజారు గైడు అవుతుంది. మొదటి రెండు ప్రయత్నాలూ వృథా పోలేదు. జీవితం లేకుండా రాసిన నెలల్లోనే ఆమెకు పాఠాన్ని పట్టుకోవడం అలవాటైంది, లేకపోతే సంపుటాల విరుపులు కంట పడేవి కావు.

జీవితం కావాలా వద్దా అన్న వాదనలోకి స్కాలర్‌ను లాగితే ఏళ్ళు గడిచిపోతాయి. ఒక సంగతి, ఒక పేజీ పక్కన పెట్టి అడిగితే గంటలో తేలుతుంది. ఎం.ఏ. ప్రాజెక్టులకైతే నేను ఒకే సంగతి తీసుకోమంటున్నాను, ఉదాహరణకు 1848 జనవరి ‘జేన్ ఐర్’ రెండో ముద్రణను షార్లెట్ నవలా రచయిత థాకరేకు అంకితమివ్వడం. రోచెస్టర్ భార్యలాగే థాకరే భార్యకూ మతి చలించిన సంగతి షార్లెట్‌కు తెలియదు. దాంతో కరర్ బెల్ (షార్లెట్ కలం పేరు) అనే ఈ రచయిత, జేన్ లాగే, థాకరే ఇంట్లో గవర్నెస్‌గా (పిల్లలకు చదువు చెప్పే ఉద్యోగినిగా) ఉండేదని లండన్‌లో పుకారు లేచింది. నవల్లోంచి జీవితాన్ని లాగే పని విమర్శకులకంటే ముందు పుకార్లే మొదలుపెట్టాయి.

ఈ పద్ధతి ఎమిలీకి ఎలా వాడాలని నన్ను ఈ మధ్య ఇంకో స్కాలర్ అడిగాడు. ఆమె రాసిన ఉత్తరాలు మిగిలినవి చాలా తక్కువ, పట్టికలో మొదటి గడే నిండదు. ఎమిలీ బదులు, చెల్లెళ్ళిద్దరి పుస్తకాల కొత్త ముద్రణకు 1850లో షార్లెట్ రాసిన పరిచయం మీద పనిచేయమన్నాను. మన తలలో ఉన్న ఎమిలీ చాలావరకు ఆ కొద్ది పేజీల్లోంచి వచ్చినావిడే. ఆన్ రెండో నవలకు ఆ వస్తువును ఎంచుకోవడమే పొరపాటని అక్క అన్నదీ అందులోనే. ప్రస్తుతం అతను ఆ పరిచయాన్ని ఒక్కో వాక్యం పట్టికలోకి ఎక్కిస్తున్నాడు.